పైపర్ గ్యాప్‌లో పెళ్ళిచూపులు

కదులుతున్న సైకిలు మీంచి ఎవరైనా పడతారు. అందులో గొప్పేమీ లేదు. నిలబడిపోయిన సైకిలు మీంచి, పెళ్ళిచూపుల్లో, పెళ్ళికూతురు వెనక్కి తిరిగి చూస్తూ ఉండగా, ప్యాంటు చినిగి మరీ పడ్డవాణ్ణి మాత్రం ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. అదెలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. ఒక్క మాట ముందే మనవి చేసుకుంటాను. ఇందులో నా తెలివితేటలు మెచ్చుకోవలసిన చోటు ఎక్కడా రాదు, కాబట్టి దానికోసం ఎదురు చూడకండి.

నా పేరు ఏడుకొండలు. మా నాయనమ్మ మొక్కుకుని పెట్టిన పేరు. ఇంత పేరు మోస్తున్న నేను పుట్టి పెరిగింది కృష్ణా డెల్టాలో, గుడివాడకి దిగువన. మా వైపు ఎత్తైన ప్రదేశం అంటే కాలవ లాకుల మీది వంతెన. ఇటువైపు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు గట్టిగా తొక్కేవాళ్ళం, అటువైపు దిగేటప్పుడు కాళ్ళు చాచి కూర్చునేవాళ్ళం. కొండలతో నాకున్న అనుభవం అంతే. తిరుపతి కొండ కూడా బస్సులో నిద్రపోతూ ఎక్కాను.

అలాంటి నేను ఎనభైల మొదట్లో అమెరికాలో, వెర్మాంట్ రాష్ట్రంలో, యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా తేలాను. ఆఫీసులో అందరూ నన్ను 'ఎడ్డీ' అనేవాళ్ళు. మనవైపు ఎడ్డి అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు, నేనూ చెప్పలేదు. ఆ చుట్టుపక్కల తెలుగు వినాలంటే మా రూమ్మేట్ రెడ్డిని నిద్ర లేపడం తప్ప వేరే దారి ఉండేది కాదు. రెడ్డిది హన్మకొండ.

డెట్రాయిట్‌లో సుందరమ్మ గారని ఒకావిడ ఉండేది. అమెరికాలో పెళ్ళికాని తెలుగువాళ్ళందరి జాతకాలూ ఆవిడ ఫోను పక్కనే ఉండేవని ప్రతీతి. ఒక ఆదివారం నాకు ఫోన్ చేసింది.

"నీకో సంబంధం చూశాను బాబూ. మీ రాష్ట్రమే. డాక్టర్ మూర్తి గారని, కొండకి అవతల లోయలో ఉంటారు. ఒక్కతే అమ్మాయి. చిన్నప్పుడే వచ్చేసింది, ఇక్కడే పెరిగింది. నీ హాబీలేమిటో చెప్పు."

"హాబీలంటే?"

"ఉద్యోగం కాకుండా ఇంకేం చేస్తావు?"

"అన్నం వండుకుంటానండీ."

"అది హాబీ కాదు, ఆకలి. ఈ అమ్మాయి జీతం అడగదు, గోత్రం అడగదు, హాబీ అడుగుతుంది. చిన్నప్పుడేం చేసేవాడివో చెప్పు."

"కాలేజీకి సైకిలు మీద వెళ్ళేవాణ్ణండీ."

"సైక్లింగ్ అని చెబుతా," అంది ఆవిడ, ఫోన్ పెట్టేసింది. గుడివాడలో పాలవాడు, పోస్టుమాను, మా లెక్కల మాస్టారు, అందరికీ ఉన్న హాబీయే అది. అది నాకో అర్హత అవుతుందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులకి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. పేరు శైలజ. పిల్లలకి సంగీతం నేర్పుతుందట. ఆమె తెలుగులో 'మీరు' మర్యాదగా మొదలయ్యేది, వాక్యం చివరికి వచ్చేసరికి 'నువ్వు' అయిపోయేది.

"మీరు నిజంగా రైడ్ చేస్తావా?"

"చేస్తానండీ. చిన్నప్పట్నుంచీ."

"వావ్. నాకు ఆ సోఫాలో కూర్చుని స్వీట్స్, హాట్స్ తినే పెళ్ళిచూపులు వద్దు. ఆల్రెడీ ముగ్గుర్ని చూశాను. ఈసారి రైడ్ చేద్దాం. మీ టౌన్ నుంచి మా సైడ్‌కి. రూట్ మీరు పిక్ చెయ్యి."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను. ఆ గొంతు నాకు నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రం పప్పు మాడినా తెలియలేదు. ఈ సంబంధం తప్పిపోకూడదని ఆ రాత్రే గట్టిగా అనుకున్నాను. అందుకే రూటు చాలా జాగ్రత్తగా ఎంచాను. నా కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

పెట్రోలు బంకులో ఇచ్చిన మ్యాపుని వంటింటి బల్ల మీద పరిచి నేనూ రెడ్డీ వంగి చూశాం. ఆవలి లోయకి రెండు దారులున్నాయి. ఒకటి కొండ చుట్టూ తిరిగి పోతుంది, చాలా పొడుగు. రెండోది తిన్నగా కొండల మధ్య నుంచి పోతుంది. దాని పేరు పైపర్ గ్యాప్.

"గ్యాప్ అంటే ఏమిట్రా?" అన్నాను.

"గ్యాప్ అంటే గ్యాపే. సందు," అన్నాడు రెడ్డి. "మా దిక్కు గుట్టల నడుమ గిట్లనే సందు ఉంటది. బస్సు గండ్లకెల్లే పోతది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు."

నాకూ సబబుగానే తోచింది. బెజవాడలో మెయిన్‌రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి సందుల్లో దూరి వెళ్ళినవాణ్ణి. రెండు మేడల మధ్య సందున్నట్టే రెండు కొండల మధ్య గ్యాప్. కొండ అటూ ఇటూ ఉంటుంది, మధ్యలో మనం చల్లగా పోతాం. దూరపు కొండలు నునుపంటారు. మ్యాపులో కొండలైతే అరచేత్తో నిమిరినా తగలవు.

నేనంత తొందరపాటు మనిషినేం కాదని మీకు తెలియాలి. అనుభవజ్ఞుల్ని కూడా సంప్రదించాను. మేం అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మిసెస్ మెక్‌ఫీ స్కాట్లండు నుంచి వచ్చిన ముసలావిడ. మేముండే లోయ నిండా ఎప్పుడో వలస వచ్చిన స్కాట్లండు వాళ్ళే. అచ్చం తమ ఊరి కొండల్లాంటి కొండలు ఎక్కడున్నాయో వెతుక్కుని మరీ అక్కడ దిగారట. వయసులో ఉన్నప్పుడు ఆవిడా, ఆవిడ భర్తా స్కాట్లండు కొండదారుల్లో జంటగా సైకిళ్ళ మీద తిరిగినవాళ్ళు. ఆ ఫోటోలు హాలు నిండా ఉండేవి. వానలో తడుస్తూ, గొర్రెల మధ్య నిలబడి, ఇద్దరూ నవ్వుతూ ఉండేవాళ్ళు.

"పైపర్ గ్యాప్ మీదుగా సైకిలు మీద వెళ్ళచ్చా?" అని అడిగాను.

"ఓ, భేషుగ్గా. అదొక వీ హిల్, అంతే. అచ్చం మా ఊళ్ళో ఉన్నట్టుంటుంది," అంది.

వాళ్ళ భాషలో 'వీ' అంటే బుల్లిది, చిన్నది. బుల్లి కొండ. అంటే మన లాకుల వంతెనంత ఉంటుందని లెక్క కట్టుకున్నాను. ఇక్కడే నేను ఆగి ఆలోచించవలసింది. ఇంటి తలుపు మూసుకుపోయేంత మంచు పడ్డ రోజున ఆవిడ దాన్ని 'వీ స్నో' అంది. భర్త ప్రాణం తీసిన గుండెపోటుని 'వీ టర్న్', అంటే చిన్న నలత, అంది. ఇవన్నీ నా చెవులతో నేనే విన్నాను. అయినా ఆవిడ కొలతబద్ద ఎలాంటిదో నాకు తట్టలేదు.

పైగా ఆవిడ తన భర్త సైకిలు కూడా నాకు అరువిచ్చింది. గేర్ల సైకిలు. నాకు తెలిసిన సైకిలుకి బెల్లు, స్టాండు, క్యారేజీ ఉంటాయిగానీ గేర్లుండవు. ఆ గేర్లు మార్చే పుల్లల జోలికి నేను పోలేదు. పోయినాయన ఎలా పెట్టి వెళ్ళాడో అలాగే ఉంచడం మర్యాద అనిపించింది. ఆయన చివరిసారి కొండ దిగుతూ పెట్టిన, తొక్కడానికి అన్నిటికన్నా బరువైన గేరు అది అని తరవాత తెలిసింది.

శైలజకి ఫోన్ చేశాను. "పైపర్ గ్యాప్ మీదుగా వెళ్దామండీ."

"గ్యాపా? ఆర్ యూ షూర్?"

"మీకు ఇబ్బంది లేకుండా ఈజీగా ఉంటుందని."

"ఈజీగా," అంది. ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో చెప్పడం వినబడింది. "డాడీ, హీ సేస్ ద గ్యాప్ ఈజ్ ఈజీ." వెనక నుంచి ఒక మగగొంతు, "పేరు ఏడుకొండలు కదమ్మా, ఒక్క కొండ ఓ లెక్కా?" అంది. ఆ మాటలో నాకు వెక్కిరింత వినబడలేదు, అభిమానమే వినబడింది. మనిషికి మంచిరోజులు పోయే ముందు చెవులు అలాగే పనిచేస్తాయి.

అక్టోబరులో ఒక శనివారం. చెట్లన్నీ పసుపూ కుంకుమా పూసుకుని పెళ్ళికి తయారైనట్టున్నాయి. మూర్తి గారి కారు మా ఇంటి ముందు ఆగింది, పైన శైలజ సైకిలు. శైలజ దిగింది. గుండ్రటి మొహం, పొట్టి జుట్టు, ట్రాక్‌సూటు. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, అప్పటికే ఫ్యాషన్ పోయిన బెల్‌బాటం ప్యాంటు వేసుకున్నాను. పెళ్ళిచూపులంటే ఆమాత్రం ఉండాలి కదా.

మూర్తి గారు నన్ను ఓ పక్కకి తీసుకెళ్ళారు. "చూడు బాబూ, మా అమ్మాయి ఆ ముగ్గుర్నీ కాదంది. ఇంక సంబంధాలు చూడద్దంది. సైక్లింగ్ అనగానే నీ ఒక్కడికి సరేనంది. ఇదే ఆఖరు. జాగ్రత్తగా రండి. నేనూ మా ఆవిడా పైన ఉంటాం, పులిహోర తెచ్చాం."

'పైన' అన్న మాట నా చెవిన పడింది. సందుకి పైన ఏమిటా అనుకున్నాను. మ్యాపులో ఉత్తరం పైనే ఉంటుంది కదా, ఉత్తరాన ఉంటాం అంటున్నారేమోనని సర్దుకున్నాను. కారు వెళ్ళిపోయింది.

మొదట్లో దారి చదునుగా, వాగు పక్కనే పోయింది. నేను ధీమాగా ముందు తొక్కుతున్నాను. దారి మొదట్లోనే లారీలు పోకూడదని బోర్డు కనబడింది.

"చూశారా, ట్రాఫిక్ కూడా ఉండదు," అన్నాను.

శైలజ నా సైకిలు కేసి చూసింది. "మీరు ఆల్వేస్ బిగ్ గేర్‌లోనే ఉంచుతావా?"

"అలవాటండీ."

ఆమె కళ్ళలో గౌరవం కనబడింది. అలాంటి చూపు నాకు డిగ్రీ తీసుకున్న రోజున కూడా దొరకలేదు.

కొంతదూరం పోయాక వాగు గలగలమంటూ గొడవ మొదలుపెట్టింది. మా డెల్టాలో నీళ్ళు మాట్లాడవు. కాలవ ఎటు పోతోందో తెలియాలంటే ఒక ఆకు వేసి చూడాలి. "ఈ వాగేమిటండీ, ఇంత గోల చేస్తోంది?" అన్నాను.

"కిందకి వస్తోంది కదా, అందుకు," అంది శైలజ.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. ఆ రెండూ ఎరగనివాణ్ణి ఆ దారిన నేనొక్కణ్ణే. నీళ్ళు ఎదురొస్తున్నాయంటే నేనెటు పోతున్నట్టు? ఆ ప్రశ్న బుర్రలో పూర్తయ్యేలోపే దారి మలుపు తిరిగింది. తిరిగి, లేచి నిలబడింది. నేను చూసిన సందులన్నీ పడుకునే ఉండేవి. నిలబడ్డ సందుని చూడడం అదే మొదలు.

సీటు మీంచి లేచి, లాకుల వంతెన మీద తొక్కినట్టు నాలుగు తొక్కులు తొక్కాను. వంతెనైతే అక్కడితో అయిపోవాలి. తల ఎత్తి చూశాను. రోడ్డు చెట్లమధ్య నుంచి ఇంకా పైకి, ఆ పైన ఇంకో మలుపులోకి పోతోంది. అప్పుడు అర్థమైంది, ఇక్కడ గ్యాప్ అంటే కొండెక్కి దాటే కనుమ అనీ, మూర్తి గారు 'పైన' అంటే ఏమిటో కూడా.

శైలజ నా పక్కకి వచ్చింది. పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నంత తీరిగ్గా తొక్కుతోంది. మాట్లాడడానికి అదే మంచి సమయమని తోచింది కాబోలు.

"నేను మెడిసిన్ చదవను. మ్యూజిక్ టీచ్ చేస్తాను. మీకు ఓకేనా?"

నేను నోరు తెరిచాను. చెప్పవలసిన మాటలు చాలా ఉన్నాయి. వచ్చింది ఒక్కటే. "ఊ."

"మీ పేరెంట్స్ వచ్చి ఉంటే నాకు హ్యాపీ. కానీ నేను నా పేరు మార్చుకోను. ఓకేనా?"

"ఊ."

"మీకు కోపం ఎక్కువ వస్తుందా?"

ఊహూ అందామనుకున్నాను. ఊ అన్నాక మిగతాదానికి గాలి చాలలేదు.

"ఎట్ లీస్ట్, ఆనెస్ట్‌గా చెప్పావు," అంది. "మీరు తక్కువ మాట్లాడతావు. ఐ లైక్ దట్. ఆ ముగ్గురూ స్టాప్ లేకుండా మాట్లాడారు. శాలరీ, హౌస్, కార్. మీరు వింటావు."

వినక ఏం చేస్తాను? మా ఊళ్ళో నేను వాగుడుకాయని. మా అమ్మ నా పెళ్ళి గురించి భయపడిందంటే ఆ ఒక్క కారణానికే. ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంటూంటే సంతోషం ఒకపక్క, గుండె పగిలిపోతుందేమోనన్న దిగులు ఇంకోపక్క. దిగి నడుద్దామంటే సైక్లింగ్ అబద్ధమైపోతుంది, నాలుగో పెళ్ళికొడుకుగా చరిత్రలో కలిసిపోతాను. తొక్కుదామంటే కాళ్ళు నావి కావు. ఏడుకొండలవాడా, నీ పేరు పెట్టుకున్నందుకు ఇదా అని మొరపెట్టుకున్నాను. అదీ లోపలే.

ఒక ఎర్ర రంగు గొడ్లసావిడి, అక్కడివాళ్ళ మాటలో బార్న్, వచ్చింది. దాని ముందు ఆవు ఒకటి నెమరు వేస్తూ నన్నే చూస్తోంది. అక్కడ శైలజ ఏదో అడిగింది. కొంచెం పెద్ద ప్రశ్నలాగే ఉంది. నా చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. ఎందుకైనా మంచిదని "ఊ" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "రియల్లీ? ఎవ్రీ డే?"

"ఊ."

ఆమె హుషారుగా ముందుకి పోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. ఊ అంటే ఎంత అంగీకారమో వాళ్ళు చెప్పలేదు, నేను తరవాత నేర్చుకున్నాను.

ఆ సావిడి దాటాక నా సైకిలు ఆగిపోయింది. నేను ఆపలేదు. దానికదే, ఎండాకాలం కాలవలో నీళ్ళు ఆగినట్టు, నెమ్మదిగా ఆగింది. కాలు కింద పెట్టాలి. పెట్టబోయాను. బెల్‌బాటం అంచు చైన్లో ఇరుక్కుని ఉంది. కాలు రాలేదు. ఓ క్షణం నేనూ సైకిలూ నిటారుగా అలాగే నిలబడ్డాం. ఆ క్షణంలోనే శైలజ వెనక్కి తిరిగింది. మేమిద్దరం కుడివైపుకి, ఎక్కడా తొందర లేకుండా ఒరిగిపోయాం. పర్రుమని ప్యాంటు చినిగింది. ఆవు లేచి నిలబడింది. కొండని తవ్వి ఎలకని పట్టినవాడు నయం, నేను కొండెక్కబోయి ఎలకనయ్యాను.

శైలజ పరిగెత్తుకొచ్చి చైను వెనక్కి తిప్పి కాలు విడిపించింది. "ఏమైంది? గేర్ ఎందుకు మార్చలేదు?"

రోడ్డు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాను. ఇంక దాచడానికేం మిగల్లేదు. ఊపిరి కాస్త అందాక చెప్పేశాను.

"నాకు గేర్లు తెలియవండీ. మా ఊళ్ళో కొండల్లేవు. గ్యాప్ అంటే సందు అనుకున్నాను."

"సందు అంటే?"

"రెండు ఇళ్ళ మధ్య ఉండే చిన్న దారి. చదునుగా ఉంటుంది."

ఆమె ఒక్క క్షణం నన్నూ, ఎదురుగా ఉన్న కొండనీ మార్చి మార్చి చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, నవ్వి, నిలబడలేక రోడ్డు పక్కన గడ్డిలో చతికిలబడింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ నవ్వు వింటూ ఉంటే చావడం కాసేపు వాయిదా వేద్దామని కూడా అనిపించింది.

"ఈ గ్యాప్‌ని నేను కూడా కాలేజ్‌లో ఫస్ట్ టైమ్ నడిచే ఎక్కాను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నాతో రైడ్ చేసినవాళ్ళు ఎవరూ ఇది పిక్ చెయ్యలేదు. నేను రాత్రంతా వర్రీ అయ్యాను, మిమ్మల్ని నేను కీప్ అప్ చెయ్యగలనా అని."

ఇద్దరం సైకిళ్ళు తోసుకుంటూ నడిచాం. నడకలో నాకు మాట తిరిగొచ్చింది. నా వాగుడంతా బయటపడింది. లాకుల గురించి, మా నాయనమ్మ మొక్కు గురించి, మిసెస్ మెక్‌ఫీ 'వీ' గురించి చెప్పాను. ఆమె ఆపమనలేదు. శైలజ అంటే కొండకి పుట్టిన పిల్ల అని అర్థం చెప్పాను. "పేరులోనే చెప్పి ఉంది, నేనే చదువుకోలేదు," అన్నాను.

పైన బల్ల మీద పులిహోర సర్ది ఉంది. మూర్తి గారు నా ప్యాంటు కేసి చూశారు, భార్య కేసి చూశారు. ఆవిడే మెల్లగా అడిగింది.

"అమ్మాయి నచ్చిందా నాయనా?"

చివరి మలుపు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. "ఊ," అన్నాను. ఈ ఒక్క ఊ మాత్రం తెలిసే అన్నాను.

"నీకమ్మా?"

శైలజ పులిహోర నములుతూ, "ఊ," అంది.

పెళ్ళయిపోతోందని మిసెస్ మెక్‌ఫీకి చెబితే, "మంచిది బాబూ, అదొక వీ చేంజ్," అంది. ఈసారి మాత్రం ఆవిడ కొలతబద్ద తెలుసు కనుక గుండె దిటవు చేసుకున్నాను.

పెళ్ళయి కొత్త కాపురం పెట్టిన మొదటి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర ఠీవిగా కూర్చున్నాను. శైలజ ఎదురుగా వచ్చి తనూ కూర్చుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఇవాళ ఏం వండుతున్నావు?" అంది.

"నేనా?"

"మీరు ఊ అన్నావు. రెడ్ బార్న్ దగ్గర. 'నాకు వంట రాదు, మీరు చేస్తావా' అని అడిగాను. ఎవ్రీ డేనా అని కూడా అడిగాను. రెండుసార్లు ఊ అన్నావు. దట్స్ వెన్ ఐ డిసైడెడ్."

"అది ఊ కాదు శైలజా," అన్నాను దీనంగా. "అది ఊపిరి. అందులో మొదటి అక్షరం ఒక్కటే బయటికొచ్చింది. మిగతా రెండూ లోపల ఇరుక్కుపోయాయి."

"ఓకే. ఆ రెండు లెటర్స్ బయటికి వచ్చేదాకా మీరు వంట చెయ్యి."

అవి ఇంకా రాలేదు. ఇన్నేళ్ళుగా వండుతూనే ఉన్నాను. ఇప్పుడు నా గుత్తివంకాయ మా వైపు చుట్టాల్లో పేరుపొందింది. సైకిలు తొక్కనేల, గరిట తిప్పనేల అంటారు పెద్దలు. అనకపోతే ఇకనుంచి అందురుగాక.

కాబట్టి చదువరులారా, పేరిచ్చిన ఆ ఏడుకొండలవాడి మీద ఆనపెట్టి, అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎత్తు ఎక్కుతూ ఉండగా ఎవరు, ఏ భాషలో, ఏమడిగినా ఊ అనను. మేడమెట్లు కూడా ఇందులోకే వస్తాయి.

హాల్లోంచి శైలజ కేకేస్తోంది, రాత్రికి చారు పెట్టి, అప్పడాలు కూడా వేయిస్తావా అని. నేనిప్పుడు కూర్చున్నది చదునైన నేల మీద. ప్రమాణానికి భంగమేమీ లేదు.

"ఊ," అన్నాను.